ఊపిరితిత్తుల చుట్టు చేరు నీరు

పొట్టలో నీరు చేరినచో జలోదరమని మన పల్లెలలో అందఱును గుర్తింతురు. ఱొమ్ములో నీరు చేరుటకు మాత్రము మనకు స్థిరమైన పేరు లేదు. కొందఱు నెమ్ము చేసినదందురు. కొందఱు ఊపిరితిత్తులకు నీరు పట్టినదందురు. ఆయుర్వేద పండితులు ఉరస్తోయమని వ్యవహరింతురు. ఉరస్సనగా ఱొమ్ము, తోయమనగా నీరు. పేరు ఏదైనను ఒక భేదమును మొదటనే గ్రహింపవలెను. నెమ్ము ఊపిరితిత్తి లోపలిది. నేడు నేను చెప్పబోవు నీరు ఊపిరితిత్తికి వెలుపల, దానికిని ప్రక్కటెముకల గోడకును నడుమ చేరునది. ఎంత దగ్గినను అది నోటి దారిని వెలువడదు. కషాయములతో కఫమును కరగించినను అది తగ్గదు.

ఈ నీరు చేరుటకు కారణములు పెక్కు. అందు కాన్సరు వలన చేరు నీటిని గూర్చియు, దానికి నేటి వైద్యులు చేయు చికిత్సలను గూర్చియు ప్రసంగించుట నా ఉద్దేశము. నేను వైద్యుడను కాను. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను. మా కుటుంబమున ఈ వ్యాధి వచ్చినప్పుడు వైద్యుల వెంట తిరిగి, అడిగి, చదివి తెలిసికొన్న దానిని మీ వంటి పెద్దల ముందుంచుట యుక్తమని తోచినది. ఏలయన, పల్లెలో ఎవరికైన ఇట్టి కష్టము వచ్చినప్పుడు ఏ ఆసుపత్రికి పోవలెను, ఎంత ఖర్చు పెట్టవలెను, రోగికి చెప్పవలెనా మానవలెనా యను నిర్ణయములు తుదకు పెద్దల అరుగు మీదనే జరుగుచున్నవి.

ఊపిరితిత్తిని ఒక పలుచని పొర కప్పియుండును. ఱొమ్ము గోడకు లోపలి వైపున మఱియొక పొర పఱచియుండును. తడిసిన రెండు తమలపాకులను ఒకదానిపై నొకటి వేసినచో అవి జారును గాని సులభముగ విడిపోవు. ఈ రెండు పొరలును అట్టివే. వాని నడుమ రెండు మూడు చిన్న చెంచాల నీరు మాత్రముండి, ఊపిరి పీల్చినప్పుడెల్ల అవి ఒరసికొనకుండ తోడ్పడును. అది నిలువనీరు కాదు. ఎప్పటికప్పుడు కొంత ఊరుచు, ఎప్పటికప్పుడు సన్నని నాళముల గుండ తిరిగి పీల్చుకొనబడుచుండును. చెఱువునకు వాగు వచ్చి చేరుచుండగా మిగులునీరు అలుగు మీదుగ పోవుట వంటిది. కాన్సరు కణములు ఆ పొరల మీద విత్తనముల వలె పడి మొలిచినప్పుడు రెండు కీడులు ఒక్కమాఱే జరుగును. పొరలలోని రక్తనాళములు స్రవింప మొదలిడుటచే వాగు పొంగును. నీటిని కొనిపోవు నాళములు మూసికొనిపోవుటచే అలుగు పూడును. ఇక నీరు లీటరు, రెండు లీటర్లు, అంతకు మించియు నిలుచును. ఊపిరితిత్తి ముడుచుకొనును. ఱొమ్మునకును పొట్టకును నడుమనుండి ఊపిరిని నడపు కండరము క్రిందికి అణగిపోవును. రోగికి నాలుగడుగులు వేసినంతనే ఆయాసము వచ్చును, వెల్లకిల పరుండలేడు, పొడిదగ్గు, ఒకవైపున బరువు, నొప్పి బాధించును. ఊపిరితిత్తుల కాన్సరును, స్త్రీలకు వచ్చు స్తనముల కాన్సరును ఇట్టి నీటికి ముఖ్యకారణములు. లసిక గ్రంథుల కాన్సరు, అండాశయపు కాన్సరు మొదలైన వానిలోను ఇది కానవచ్చును.

ఐతే ఎక్స్‌రేలో నీరున్నదనగనే కాన్సరని గుండె జారవిడువరాదు. మన దేశమున క్షయవ్యాధి వలన ఇట్లు నీరు చేరువారు అనేకులు. క్షయకు మందును ప్రభుత్వమే ఉచితముగ నిచ్చుచున్నది. సాధారణముగ ఆఱు నెలలు నియమము తప్పక వాడినచో నయమగును. గుండె బలహీనత వలనను, మూత్రపిండములు, కాలేయము చెడుట వలనను, నిమోనియా వలనను నీరు చేరును. కావున నీటిని పరీక్షింపకయే ఇది కాన్సరని తీర్మానించుట ఎంత తప్పో, నీటిని పరీక్షింపకయే క్షయ యని నెలల తరబడి మాత్రలు మ్రింగించుటయు అంతే తప్పు. అల్ట్రాసౌండు యంత్రముతో నీరున్న తావును చూచి, చర్మమునకు తిమ్మిరి మందిచ్చి, ప్రక్కటెముకల నడుమ సూదిని దించి కొంత నీటిని తీసి పరీక్షకు పంపుదురు. ఇందొక సంగతి చాలమందికి తెలియదు. నీటిలో కాన్సరు కణములున్నను మొదటి పరీక్షలో అవి దొరకునది నూటికి సుమారు 60 మందికే. ఒకసారి కనబడలేదన్నంతమాత్రమున వ్యాధి లేదని సంబరపడి ఇంటికి రారాదు. అవసరమైనచో ఱొమ్ములోనికి సన్నని గొట్టము వంటి దర్శినిని పంపి, పొరను కన్నులార చూచి, చిన్న తునకను తీసి పరీక్షింతురు. ఈ పద్ధతిని 1910లో యాకోబేయసు అను స్వీడను దేశపు వైద్యుడు లోకమునకు తెలిపెను.

పరీక్షలో కాన్సరు కణములే కనబడినవనుకొందము. అప్పుడు వైద్యుడు చెప్పు మాట కఠినమైనది. దానిని మెత్తబఱచి చెప్పుట నాకిష్టము లేదు. వ్యాధి మొదలైన తావును దాటి వ్యాపించినదని దాని యర్థము. సాధారణముగ దానిని నిర్మూలింపజాలరు. పెక్కుమందికి మిగిలిన కాలము నెలలలో లెక్కింపదగినది. కొన్ని తెగల వ్యాధులలో, ముఖ్యముగ మందులకు లొంగు స్తన, లసిక గ్రంథుల కాన్సరులలో, ఏండ్లు గడచినవారును కలరు. కనుక ఇచట చికిత్స యనునది నీటి మీద పగ తీర్చుకొనుట కాదు. ఆ మనిషికి మిగిలిన దినములలో ఊపిరి హాయిగ ఆడించుట. ఆసుపత్రి మంచము మీద గడుపు దినములను తగ్గించుట. ఈ దృష్టి కుదిరిన వెనుకనే చికిత్సలలో ఏది మంచిదో తేలును. నీరు మొత్తము ఎండవలెనను పంతము పట్టినవారు రోగిని అలసటకు గుఱిచేయుటయే నేను చూచితిని.

మొదట, ఏమియు చేయకుండుటయు ఒక చికిత్సయే. నీరు కొద్దిగ నుండి ఆయాసము లేనిచో దానిని కదపనక్కఱలేదు. కనిపెట్టుకొని యుండిన చాలును. రెండవది, కాన్సరుకే మందిచ్చుట. లసిక గ్రంథుల కాన్సరు, ఊపిరితిత్తుల కాన్సరులో చిన్నకణముల తెగ, స్తనముల కాన్సరు మందులకు లొంగినప్పుడు నీరును దానంతట తగ్గుట కలదు. ఊపిరితిత్తుల కాన్సరులో కొందఱి కణములయందు ఒక ప్రత్యేకమైన మార్పు ఉండును. అట్టివారికి దానికే గుఱిపెట్టిన మాత్రలు వచ్చియున్నవి. తీసిన నీటిలోనే ఆ మార్పును పరీక్షింపవచ్చును. ఆ పరీక్ష చేయింపుడని అడుగుట మఱువరాదు.

ఆయాసమున్నచో సూదితో నీటిని తీయుట తొలిమెట్టు. నీరు తీసిన మనిషి బ్రతుకడను మాట మన ప్రాంతములలో బలముగ నాటుకొనియున్నది. కడపటి దశలో తీయించుటచే వ్యాధి చేసిన పనిని జనులు సూది మీద మోపిరి గాని, నీరు తీయుటచే ప్రాణము పోవుననుట సరికాదు. అది తీసిన గంటలోనే, ఎన్నో రాత్రులు కూర్చుండియే తెల్లవార్చినవారు తలగడపై తల వాల్చి నిద్రించుట కలదు. ఐతే దీనికి హద్దులున్నవి. ఒక్కమాఱు సుమారు లీటరున్నరకు మించి తీయరు. ముడుచుకొనియున్న ఊపిరితిత్తిని ఒక్కసారిగ విప్పినచో దానిలోనికే నీరూరి క్రొత్త ఆయాసము పుట్టు ప్రమాదము కలదు. తీయుచుండగా విడువని దగ్గు గాని, ఱొమ్ము బిగింపు గాని వచ్చినచో రోగి వెంటనే చెప్పవలెను; వైద్యుడు ఆపివేయును. రెండవ హద్దేమనగా, వాగును ఆపక చెఱువును తోడినట్లు, నీరు మరల ఊరును. పెక్కుమందికి నెల తిరుగకుండ మునుపటి స్థితి వచ్చును. మిగిలిన కాలము కొన్ని వారములే యని వైద్యులు తలచినప్పుడు ఒకటి రెండు మార్లు సూదితో తీయించుటయే మేలు. అంతకంటె కాలమున్నవారికి మాటిమాటికి సూది వేయించుట తగదు. వారికి రెండు మార్గములు కలవు.

మొదటిది, రెండు పొరలను ఒకదానికొకటి అంటించివేయుట. నడుమ చోటే లేకుండ చేసినచో నీరు నిలుచుటకు తావెక్కడ? దీనికి వాడు ద్రవ్యమేదో విన్నప్పుడు బడిపంతులనగుటచే నాకు నవ్వు వచ్చినది. అది బలపపు రాతి పొడి. రాయలసీమలో బేతంచెర్ల, తాడిపత్రి ప్రాంతములలో దొరకునదియు, మనము చిన్ననాడు పలకల మీద ఓనమాలు దిద్దినదియు ఆ జాతి రాయియే. ఐతే ముఖమునకు పూసికొను పౌడరు గాని, గనిలోని పొడి గాని దీనికి పనికిరాదు. వైద్యము కొఱకు ప్రత్యేకముగ శుద్ధిచేసి, హానికరమైన రాతినార లేకుండ వడగట్టి, సూక్ష్మక్రిములు లేకుండ చేసిన పొడినే వాడుదురు. ప్రక్కటెముకల నడుమ గొట్టము నుంచి నీటినంతయు తీసి, ఊపిరితిత్తి చక్కగ విచ్చుకొని గోడను తాకినదని ఎక్స్‌రేలో చూచి, 4 లేక 5 గ్రాముల పొడిని ఉప్పునీటిలో కలిపి, నొప్పి తెలియని మందుతో కూడ లోపలికి పంపుదురు. పొరలు వాచి, కందిపోయి, అంటుకొనును. ఒకటి రెండు దినములు నొప్పియు జ్వరమును ఉండును. ఆసుపత్రిలో కొన్ని దినములు ఉండవలెను. తగినవారిని ఎన్నుకొని చేసినచో నూటికి 70, 80 మందికి ఇది ఫలించును. దర్శిని ద్వారా పొడిని చల్లుటయు కలదు. గొట్టము ద్వారా పంపిన దానికిని దీనికిని ఫలములో చెప్పదగిన భేదము కానరాలేదని ఇటీవలి పరిశోధన. మన ఆసుపత్రులలో కొన్నిచోట్ల పుండ్లకు వాడు అయోడిను ద్రావకమునే ఇందులకు ఉపయోగింతురు. అది చౌక, ఎచటనైన లభించును.

బలపపు పొడితో పొరలనంటించు ఉపాయమును 1935లో ప్రకటించినవాడు కెనడా దేశపు శస్త్రవైద్యుడు నార్మను బెత్యూను. ఆయన ఉద్దేశము కాన్సరు నీరు కాదు; ఊపిరితిత్తిలో చెడిన భాగమును కోసి తీయుటకు ముందు మిగిలిన భాగమును గోడకు అతికించుట. క్షయతో తానే బాధపడి కోలుకొన్నవాడాయన. తరువాత చైనాకు పోయి గాయపడిన సైనికులకు శస్త్రచికిత్సలు చేయుచు 1939లో అచటనే మరణించెను. ఆయన పేర నెలకొల్పిన ఆసుపత్రికే మన దేశపు డాక్టరు ద్వారకానాథ కోట్నీసు అధిపతియై, 1942లో ఆ దేశముననే కన్నుమూసెను. కోట్నీసు కథను 1946లో చలనచిత్రముగ చూచిన పెద్దలు ఇంకను కొందఱుండవచ్చును. ఇది ప్రసంగమునకు కొంత దూరమైనను చెప్పకుండ ఉండలేకపోతిని.

అంటించు చికిత్సకు ఒక అడ్డు కలదు. కొందఱికి వ్యాధి ఊపిరితిత్తిని పెంకు వలె బిగించియుండుటచే నీరు తీసినను అది విచ్చుకొనదు. నడుమ సందున్న రెండు పలకలకు జిగురు పూసిన ప్రయోజనమేమి? అట్టివారికి రెండవ మార్గమే శరణ్యము. అదేమనగా, మెత్తని సన్నని గొట్టమును ఱొమ్ములో స్థిరముగ నుంచుట. చర్మము క్రింద కొన్ని అంగుళములు నడపి బయటికి తీయుదురు. గొట్టము చుట్టునున్న చిన్న పట్టీకి మాంసము పట్టుకొని అది జారకుండును. కొనయందు ఒకవైపే పనిచేయు మూత యుండి, నీరు వెలికి వచ్చును గాని గాలి లోపలికి పోదు. దీనికి రోగి ఆసుపత్రిలో అనేక దినములు ఉండనక్కఱలేదు. తఱచుగ ఆనాడే ఇల్లు చేరవచ్చును. ఆ పైన దినదినము గాని, దినము విడిచి దినము గాని, ఆయాసమును బట్టి గాని ఇంటిలోనే సీసాకు తగిలించి నీటిని తీయవచ్చును. ఇంటివారికి నేర్పుదురు.

మా వదినెగారికి ఈ రెండింటిలో ఏది చేయవలెనను చర్చ మా అరుగు మీద జరిగినది. అంతకుముందు ఒక ఆసుపత్రిలో అయిదు వారములలో మూడుమార్లు సూదితో నీరు తీసిరి గాని, వేఱు మార్గములున్నవని ఒక్కరును చెప్పలేదు. కాన్సరు వైద్యము చేయుచోటికి పోయిన తరువాతనే ఆ సంగతి తెలిసినది. పెద్దకుమారుడు పొడి వేయింతమనెను. రెండవవాడు ఇంటిలో గొట్టముంచుకొనుట నామోషీ యనెను. అల్లుడు మరల సూదితోనే సరిపెట్టుదమనెను. ఆమెకు వ్యాధి పేరు కూడ చెప్పవలదని అందఱి మాట. అంతలో లోపలి నుండి ఆమెయే వచ్చి గడప మీద కూర్చుండి, "ఏమయ్యా మరిదీ, నీరు నా ఱొమ్ములో నుండగా మాట మీ నోళ్లలోనే యున్నదేమి? ఏమి చేసిన ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉండవలెనో నాతో చెప్పుము" అనెను. నేను రెండు పద్ధతులను ఆమెకు దాపఱికము లేకుండ వివరించితిని. వ్యాధి పేరు చెప్పినప్పుడు ఆమె, "అది నాకు తెలియదనుకొంటిరా?" అని మాత్రమనెను. కొంతసేపు ఆలోచించి, "గోడలు చూచుచు పడుకొనుట నా వలన కాదు. గొట్టమే పెట్టింపుడు. ఇంటిలో నుండి పాలకు తోడైన వేసికొందును" అనెను.

చిన్నకోడలు నీరు తీయుట నేర్చుకొనెను. నేనొక నోటుపుస్తకమునకు గీతలు గీసి తేదీ, నీటి కొలత, రంగు, జ్వరము అను నాలుగు గళ్లు ఏర్పఱచి యిచ్చితిని. మొదట దినము విడిచి దినము 600 మిల్లీలీటర్లు వచ్చెడిది. రెండు నెలలకు 50కి దిగి, వరుసగ మూడుమార్లు అంతే వచ్చుటచే వైద్యులు పరీక్షించి గొట్టమును తీసివేసిరి. గొట్టము ఒరపిడికే కొందఱికి పొరలు వానంతట అంటుకొనునట. ఆ పుస్తకమును చూచి వైద్యుడు సంతోషించెను; అట్టిది ప్రతి ఇంట ఉండవలెనని నా అభిప్రాయము. ఆమె ఆ తరువాత పదునొకండు నెలలు బ్రతికి, తుదివరకు ఇంటనే యుండెను.

ఆమెకు తగినది అందఱికిని తగునని నేను చెప్పుట లేదు. బ్రిటను దేశమున 106 మంది రోగులపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, పొడితో అంటించినవారికిని గొట్టము పెట్టినవారికిని ఆయాసము తగ్గుట సమానముగనే కానవచ్చినది. గొట్టము పెట్టినవారు ఆసుపత్రిలో తక్కువ దినములుండిరి. చిక్కులు మాత్రము వారికే కొంత ఎక్కువ. గొట్టమున్న నూర్గురిలో సుమారు అయిదుగురికి చీము పట్టుట కలదు. ఇంటిలో శుభ్రముగ చేతులు కడిగికొని కట్టు మార్చువారు లేనిచో, వారానికొకమాఱైన చూచు నర్సు దగ్గఱ లేనిచో, అంటించుటయే మంచిది. రెంటిని కలుపు పద్ధతియు వచ్చినది. గొట్టము ద్వారానే ఇంటినుండి వచ్చిపోవువారికి పొడిని పంపగా, అయిదు వారములలో నూటికి 43 మందికి పొరలంటుకొనెనని, పొడి లేనివారిలో 23 మందికే అట్లయ్యెనని 2018లో ప్రకటించిరి.

గొట్టమున్నవారు చెఱువులోను, కాలువలోను మునుగరాదు. గొట్టము మొదట ఎఱుపెక్కినను, నీరు చిక్కబడి దుర్వాసన వచ్చినను, చలిజ్వరము వచ్చినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పసుపు పూసి చూతమని జాగుచేయరాదు.

ఖర్చు విషయమున, గొట్టము ఒక్కమాఱు కొనునదైనను సీసాలు మాటిమాటికి కావలెను. సీసా బదులు సంచిని తగిలించు ఏర్పాటును వైద్యుని అడుగవచ్చును. పొలము బేరము పెట్టుటకు ముందు హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి, విశాఖపట్టణములోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి వంటి ప్రభుత్వపు చోట్ల విచారింపవలెను. ప్రభుత్వ ఆరోగ్య పథకములో ఏది చేరునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగిన చెప్పును.

ఇక ఏ చికిత్స చేసినను కొందఱికి కొంత ఆయాసము మిగులును. దానికి మార్ఫీను అను మందు కలదు. నల్లమందునుండి వచ్చినదని మనవారు భయపడుదురు. వైద్యుడు చెప్పిన కొద్ది మోతాదులో అది ఆయాసపు బాధను తగ్గించునే గాని ఆయువును తగ్గింపదు. మలబద్ధము చేయును గనుక దానికి విరేచనపు మందు తోడుగ ఇత్తురు. గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీనిని నిలువచేయుట సులభమగునట్లు 2014లో చట్టమును సవరించిరి. ప్రాణవాయువు సిలిండరు అందఱికిని అక్కఱలేదు. రక్తములో ప్రాణవాయువు తగ్గినవారికే అది ఉపకరించును. తక్కినవారికి ముఖమునకు గాలి తగులుటయే హాయినిచ్చునని పరిశోధకులు తేల్చిరి. రోగిని కూర్చుండబెట్టి, ఎదుట బల్ల మీద తలగడ నుంచి, చేతులు దానిపై ఆన్చి కొంచెము ముందునకు వంగనీయవలెను. కిటికీ తెఱచి, తాటాకు విసనకఱ్ఱతో ముక్కు, చెంపల మీదికి మెల్లగ విసరవలెను. చుట్టును పదిమంది గుమిగూడి నిలువరాదు. విసరువారొకరు, మాటలాడువారొకరు చాలుదురు.